వేడెక్కిన టైరులో గాలి తీయకండి బాబాయ్

మాకు మూడు లారీలున్నాయి. మూడూ పది టైర్ల టారస్‌లే. పిడుగురాళ్లలో సున్నం, దాచేపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఎత్తి చెన్నై దాకా తోలతాం. నాన్న 26 ఏళ్లు స్టీరింగ్ పట్టి, మోకాళ్లు అరిగాక బండి దిగారు. బీకాం అయ్యాక లెక్కలు చూడమని నన్ను కూర్చోబెడితే మొదట్లో డీజిల్ బిల్లులే చూసేదాన్ని. రెండు మూడు నెలలకు అర్థమైంది, డీజిల్ తర్వాత డబ్బంతా పోతున్నది టైర్ల కిందికేనని. రోడ్డు మీద 30, స్టెప్నీలు 3. అప్పటి నుంచి ప్రతి టైరుకూ ఒక నంబరు, పుస్తకంలో ఒక పేజీ. ఎప్పుడు కొన్నాం, ఏ చక్రానికి ఎక్కింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు దిగింది, అన్నీ రాస్తాను.

ఆ పుస్తకంలో "ఎందుకు దిగింది" అన్న గడిలో మొదటి ఏడాది నేను ఎక్కువసార్లు రాసిన మాట "పేలింది". కారణం అడిగితే ఎవరైనా ఒకటే చెప్పేవాళ్లు: "ఎండకి."

రెండేళ్ల కిందట రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం మా పెద్ద డ్రైవరు ఫోన్ చేశాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను, నాన్నతో పాటు క్లీనర్‌గా మొదలైన మనిషి. సంతమాగులూరు దాటాక ఎడమ వైపు వెనక లోపలి టైరు పేలిందట. పేలుతూ పక్కనున్న బయటి టైరును కూడా చీల్చింది. మడ్‌గార్డు ఊడి పక్క పొలంలో పడింది. వెనక బైకు మీద వస్తున్న కుర్రాడు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు కాబట్టి బతికాడు.

"ఎండకి గాలి పొంగి పేలిపోయిందమ్మాయ్. రోళ్లు పగిలే ఎండలు, మన చేతుల్లో ఏముంది" అన్నాడు.

"నిన్న పొద్దున బయల్దేరేటప్పుడు గాలి కొట్టించారు కదా బాబాయ్?"

"కొట్టించా. ఇవాళ పిడుగురాళ్ల దాటాక ఒకసారి, రొంపిచర్ల దగ్గర ఒకసారి టైర్లు కాలిపోతుంటే గాలి తీయించా కూడా. నిన్న రాత్రి ఖాళీ బండి వచ్చేటప్పుడూ తీశా. అయినా పేలింది."

నాలుగు రోజులకు ఆ టైరు ఇంకో బండి మీద ఇంటికి వచ్చింది. వాకిట్లో పడేసి, పంక్చర్ షాపు భాయ్‌ని పిలిపించి, లోపలి వైపు తిప్పించి చూశాను. టైరు లోపల గోడ చుట్టూరా ముసలివాళ్ల చర్మంలా ముడతలు పడి ఉంది. ఆ ముడతల వెంట గీత గీసినట్టు రబ్బరు లేచిపోయి సన్నటి ఉక్కు తీగలు బయటికి పొడుచుకొచ్చాయి. వేలు పెట్టి తీస్తే గుప్పెడు నల్లటి పొడి వచ్చింది. రుబ్బిన మినప్పొట్టులా ఉంది. ట్యూబు ఆ పొడిలో నలిగి నలిగి అక్కడక్కడా కరిగి అంటుకుపోయింది.

భాయ్ ఆ పొడి అరచేతిలో వేసుకుని నాకు చూపించాడు. "ఇది గాలి ఎక్కువై పేలిన టైరు కాదమ్మా. గాలి చాలక నలిగి చచ్చిన టైరు" అన్నాడు.

అప్పటిదాకా మా ఇంట్లో అందరం నమ్మింది తలకిందులైంది. ఎండాకాలం గాలి తగ్గించి కొట్టాలి, టైరు చేతికి కాలితే గాలి తీసేయాలి అన్నది నాన్నలాంటి వాళ్ల దగ్గర నేర్చుకున్న మాట. ఈ రోజుకీ హైవే మీద ఏ ధాబా దగ్గర ఆగినా ఎవరో ఒకరు వాల్వు పిన్ను నొక్కి సుయ్యిమని గాలి వదులుతూనే కనిపిస్తారు. చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది.

టైరు వేడెక్కడానికి పై ఎండ, కింద రోడ్డు కొంత కారణమే. అసలు వేడి పుట్టేది మాత్రం టైరు వంగడంలో. ఇంట్లో బైండింగ్ వైరు ముక్క ఉంటే రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ గబగబా వంచి చూడండి. వంపు దగ్గర వేలు పెడితే చురుక్కుమంటుంది. ఇంకాసేపు వంచితే పుటుక్కున తెగుతుంది. లారీ టైరు ఒక కిలోమీటరులో 300 సార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ నేలకు తగిలిన చోట వంగి మళ్లీ లేస్తుంది. గాలి తక్కువైతే ఎక్కువ వంగుతుంది. ఎక్కువ వంగితే ఎక్కువ వేడి. ఆ వేడికి గాలి పొంగి, గాలి కొలిచే గేజిలో అంకె పెరుగుతుంది. ఆ అంకె చూసి మనం గాలి తీస్తాం. తీసేసరికి టైరు ఇంకా వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది.

లెక్క వేసి చూద్దాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 115 పాయింట్లు (పీఎస్ఐ) కొట్టించారు. మధ్యాహ్నానికి అది 130 అవుతుంది. అలా 15 పాయింట్లు పెరగడం మామూలే, టైరు తయారు చేసేవాళ్లు ఆ పెరుగుదల లెక్కలో ఉంచుకునే చేస్తారు. డ్రైవరు దాన్ని చూసి భయపడి 112కి దించాడు. ఆ రాత్రి బండి ఆగి టైరు చల్లబడ్డాక అందులో ఉండేది 99. మర్నాడు ఎవరూ చూడకపోతే ఆ 99తోనే నిండు లోడుకి బయల్దేరుతుంది. దాంట్లోంచి మళ్లీ ఇంకో రెండు చోట్ల తీస్తే ఎంత మిగులుతుందో మీరే చూడండి. ఉండాల్సిన దాంట్లో 80 శాతం కంటే కిందికి పోయిన టైరును గాలి పోయిన టైరుగానే చూడాలని టైర్ల వాళ్లు చెప్తారు. 115కి అది 92. మా బండి ఆ రోజు అలాంటి టైరు మీదే సున్నం మోసుకుంటూ పోయింది.

115 ఎందుకు, కాస్త తగ్గితే ఏమవుతుందని అడిగేవాళ్లుంటారు. మా వెనక టైర్లు 10.00ఆర్20 సైజువి. టైరు పక్కన 146/143 అని అచ్చు ఉంటుంది. చాలామంది అదేదో కంపెనీ నంబరనుకుంటారు. అది బరువు లెక్క. 146 అంటే ఒంటరిగా వేసినప్పుడు 3,000 కిలోలు, 143 అంటే జంటగా వేసినప్పుడు ఒక్కో టైరు 2,725 కిలోలు మోస్తుందని అర్థం, అదీ నిండు గాలితో. 2018లో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) లోడు పెంచినప్పుడు వెనక జంట యాక్సిళ్లకు 19 టన్నుల నుంచి 21 టన్నులకు అనుమతి వచ్చింది. 21 టన్నులను ఎనిమిది టైర్లకు పంచితే ఒక్కోదాని మీద 2,625 కిలోలు. అంటే చట్టప్రకారం లోడు వేసినా టైరుకు మిగిలేది 100 కిలోల వెసులుబాటు. అందులో గాలి పది పదిహేను పాయింట్లు తగ్గిందంటే ఆ వెసులుబాటు ఎప్పుడో దాటిపోయినట్టే. ఇక దాని మీద "ఇంకో రెండు టన్నులు వేసుకో, ఏం కాదు" అనే వాళ్లకు నేను ఏం చెప్పను? మా బండ్లకు మాత్రం వేయనివ్వడం మానేశాను. కొన్ని కిరాయిలు పోయాయి. పోనీ.

గేజి కొన్న రోజు ఇంట్లో చిన్న గొడవ అయింది.

నాన్నకు ఇనప రాడ్డు ఉంది. బండి బయల్దేరే ముందు చుట్టూ తిరిగి ప్రతి టైరు మీదా ఠంగ్ ఠంగ్‌మని కొట్టి, మోత విని గాలి ఉందో లేదో చెప్తారు. డ్రైవర్లందరూ అంతే. ఒక తెల్లవారుజామున నాన్న కొట్టి చూసి "అన్నీ బాగున్నాయి, పోనీయండి" అన్నారు. నేను ఆగమని గేజి పెట్టాను. వెనక ఎనిమిదింటిలో ఐదు 112, 115 మధ్యలో ఉన్నాయి. రెండు 104. కుడి వైపు లోపలి టైరు ఒకటి 86.

నాన్న గేజి వంక చూసి "నీ మీటరు తప్పు" అన్నారు. భాయ్ షాపు నుంచి ఇంకో గేజి తెప్పించాం. అదీ 86 చూపించింది. నాన్న రాడ్డు తీసుకుని ఆ టైరు మీద, దాని పక్క టైరు మీద మార్చి మార్చి నాలుగైదుసార్లు కొట్టారు. రెండూ ఒకేలా మోగాయి. కాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ అదృష్టం మీదే తిరిగానన్నమాట" అని లోపలికి వెళ్లిపోయారు. నాకు చాలా బాధేసింది. 26 ఏళ్లలో ఆయన చేతిలో ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు, ఆ ఒడుపు ఏ గేజికీ రాదు. రాడ్డు పూర్తిగా గాలి పోయిన టైరును పట్టిస్తుంది, దాన్నీ కాదనను. పావు వంతు పోయిన టైరును మాత్రం పట్టించదు.

కంటితో చూసినా తెలియదు. పాత రకం నైలాన్ టైరు గాలి నిండుగా ఉంటే నిటారుగా నిలబడేది. ఇప్పటి ఉక్కు తీగల రేడియల్ టైరుకు పక్క గోడ మెత్తన, సరిగ్గా గాలి ఉన్నా అడుగున కాస్త పొట్ట పడే ఉంటుంది. అది చూసి కొందరు అక్కర్లేకుండా ఎక్కించేస్తారు, కొందరు నిజంగా గాలి లేని టైరును చూసి "రేడియల్ అంతేలే" అని వదిలేస్తారు. పైగా ఎప్పుడూ మోసపోయేది లోపలి టైరు దగ్గర. దాని వాల్వు చేతికందదు, వంగి చూడాలి, బురద ఉంటుంది. అందుకే ఎవరూ చూడరు. మా పుస్తకంలో పేలినవాటిలో ఎక్కువ లోపలివే. లోపలి టైర్లన్నిటికీ పొడుగు వాల్వులు వేయించాను. టైరు ఖరీదుతో పోలిస్తే అది లెక్కలోకి వచ్చే డబ్బే కాదు.

జంట టైర్ల గురించి ఇంకొక్క మాట. ఒకటి పేలితే కొత్తది కొని పాతదాని పక్కన వేసేస్తాం. కాడికి ఒక పక్క ఎత్తు ఎద్దును, ఇంకో పక్క పొట్టి ఎద్దును కట్టినట్టుంటుంది. ఎత్తుగా ఉన్న కొత్త టైరు బరువంతా మోస్తుంది, అరిగిన పాతది రోడ్డు మీద ఈడ్చుకుంటూ అరుగుతుంది. రెండూ పాడవుతాయి. ఒకే అరుగుదల ఉన్నవాటిని ఏరి జంట కట్టాలి. ఏవి సరిజోడో టైర్ల పుస్తకం ఉంటే రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

రీబటన్ టైర్లంటే, అంటే అరిగాక కొత్త గ్రిప్పు వేసిన టైర్లంటే, చాలామందికి భయం. హైవే పక్కన మొసలి తోళ్లలా పడి ఉండే రబ్బరు పట్టీలు చూసి "రీబటన్‌వి, ఊడిపోయాయి" అనేస్తారు. ఆగి ఒకదాన్ని చేత్తో పట్టుకుని చూడండి. చాలావాటికి రబ్బరుతో పాటు ఉక్కు తీగలు కూడా వచ్చేసి ఉంటాయి. అంటే అతుకు ఊడలేదు, అసలు టైరే లోపల వేడికి విడిపోయింది. కొత్త టైరుకైనా గాలి లేకపోతే అదే గతి. ఆర్టీసీ సొంత షాపుల్లో టైర్లు రీబటన్ చేసి బస్సులకు వాడుతుంది. విమానం టైర్లకు కూడా మళ్లీ మళ్లీ కొత్త గ్రిప్పు వేస్తారు. మేం టైర్లు ఇచ్చే షాపులో నేను దగ్గరుండి చూశాను. పాత గ్రిప్పు గీకి, లోపల లైటు పెట్టి చుట్టూ తడిమి, మేకు రంధ్రాలు పూడ్చి, మెత్తటి రబ్బరు పొర మీద కొత్త పట్టీ చుట్టి, సంచిలాంటి దానిలో బిగించి, సుమారు 100 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉడకనిస్తారు. ఆ రోజు మేం తీసుకెళ్లిన ఆరు టైర్లలో రెండింటిని "కేసింగ్ పోయింది, చేయం" అని వెనక్కి ఇచ్చారు. కేసింగ్ అంటే గ్రిప్పు కింద ఉండే అసలు టైరు. కాదనగలిగిన షాపును నమ్మొచ్చు. అన్నిటికీ సరేననేచోట నేను ఇవ్వను. రీబటన్ టైరును ముందు చక్రాలకు మాత్రం ఎప్పుడూ వేయం, అవి వెనక జంటల్లోనే.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. గ్రిప్పు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధన చెప్తుంది కదా, అక్కడిదాకా అరగదీస్తే డబ్బు కలిసొచ్చిందనుకుంటారు. అంత పల్చబడే లోపు రాళ్లు గుచ్చుకుని, నీళ్లు దిగి, లోపల తీగ తుప్పు పడుతుంది. నాలుగు మిల్లీమీటర్లుండగానే దించితే కేసింగ్ గట్టిగా ఉండి రెండో బతుకు బతుకుతుంది.

నైట్రోజన్ కొట్టిస్తే మళ్లీ గాలి చూడక్కర్లేదన్నది కూడా నిజం కాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వాల్వులోంచి కారేది నైట్రోజనైనా కారుతుంది. మంచిదే, కాదనను, కానీ గేజి పని అది చేయదు.

కొత్త టైరులో పాత ట్యూబు వేయకండి. సాగిపోయిన ట్యూబు లోపల మడత పడుతుంది, ఆ మడత దగ్గరే పగులుతుంది. టైరుతో పాటు ట్యూబు, దానికీ డిస్కుకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ (ఫ్లాపు) కూడా కొత్తవి వేయాలి. స్టెప్నీ వాడలేదు కాబట్టి కొత్తదేననుకోకండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఎండలో వానలో ఏళ్ల తరబడి వేలాడిన టైరు తిరక్కపోయినా ముసలిదవుతుంది. కొత్త టైరు కింద నిమ్మకాయ పెట్టడం మా ఇంట్లోనూ ఉంది. అమ్మ పెట్టే ముందు నేను ఆ నాలుగంకెలు చదివి పుస్తకంలో రాస్తాను.

ఇప్పుడు చెప్పేది టైరు గురించి కాదు, టైరు ముందు కూర్చునే పిల్లాడి గురించి.

ట్యూబు టైరు ఎక్కించే ఇనప చక్రానికి, అదే డిస్కుకు, పక్కన ఒక ఇనప రింగు ఉంటుంది. అదే టైరును డిస్కు మీద పట్టి ఉంచేది. తుప్పు పట్టినా, వంకరపోయినా, గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా గాలి కొడుతుండగా అది తుపాకీ గుండులా ఎగిరొస్తుంది. కిందటేడు వాడపల్లి అవతల ఒక పంక్చర్ షాపు దగ్గర మా బండి ఆగినప్పుడు నేనూ ఉన్నాను. పదహారు పదిహేడేళ్ల కుర్రాడు చక్రాన్ని రింగు పైకి ఉండేలా పడేసి, దాని మీదకు వంగి గాలి పెడుతున్నాడు. రింగు ఒక పక్క కాస్త లేచినట్టనిపించి సుత్తితో కొట్టడానికి చెయ్యెత్తాడు. అంతలో ఎవరో చిల్లర అడిగితే పక్కకు తిరిగాడు. రింగు ఎగిరింది. పైనున్న రేకును చీల్చుకుపోయి, వెనక వేపచెట్టు కొమ్మ విరిచి కింద పడింది. ఆ మోతకు కాసేపు చెవులు వినపడలేదు. ఆ పిల్లాడు పొరపాటున చిల్లర కోసం తిరక్కపోతే తల ఉండేది కాదు. నిలబడి వణుకుతున్నాడు, నీళ్లు తాగిస్తే గ్లాసు పళ్లకు తగిలి టకటకమంటోంది.

ఆ రోజు నుంచి మా డ్రైవర్లు ముగ్గురికీ ఒక గొలుసు ఇచ్చాను. ఎక్కడ గాలి కొట్టించినా ఆ గొలుసు డిస్కు రంధ్రంలోంచి టైరు చుట్టూ రెండు మూడు చోట్ల కట్టాలి. చక్రాన్ని రింగు నేల వైపు ఉండేలా పడుకోబెట్టాలి. పైపుకు క్లిప్పు పెట్టి దూరంగా నిలబడాలి. గాలి ఉన్నప్పుడు రింగు మీద సుత్తి వేయకూడదు. కూర్చోకపోతే మొత్తం గాలి తీసి మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. గాలి లేకుండా కాస్త దూరమైనా నడిచిన రేడియల్‌ను విప్పి లోపల చూడకుండా అసలు గాలి కొట్టకూడదు. నలిగిన తీగలు వరసగా జిప్పు తెరిచినట్టు తెగి పక్క గోడ పేలుతుంది. ఆ పక్కనే మనిషి కూర్చుని ఉంటాడు. దయచేసి మీ బండ్లకు పని చేసే పిల్లల్ని ఒకసారి అడగండి, గొలుసు కడుతున్నారా అని. కట్టకపోతే మీరే కొనివ్వండి.

సంతమాగులూరు దగ్గర ఫోన్ చేసిన బాబాయ్‌కి మొదట ఇవేవీ ఎక్కలేదు. "నువ్వు పుస్తకంలో చూసి చెప్తున్నావు తల్లీ, నేను రోడ్డు మీద చూశాను" అన్నాడు. నేను వాదించలేదు. ఒక ఎండాకాలం మొత్తం గాలి తీయకుండా తోలమని మాత్రం బతిమాలాను. బాగా కాలుతున్నట్టనిపిస్తే నీడన ఆపి టీ తాగండి, లోడు చూడండి, బ్రేకు పట్టేస్తోందేమో డ్రమ్ము మీద కాసిని నీళ్లు చిలకరించి ఆవిరి చూడండి, వాల్వు మాత్రం ముట్టుకోకండి అన్నాను. జూన్‌లో తొలకరి పడ్డాక పుస్తకం తీసి చూస్తే ఆయన బండి పేజీల్లో "పేలింది" అన్న మాట ఒక్కటీ లేదు. ఒకే ఒక్క టైరు దిగింది, అదీ మేకు దిగి.

ఇప్పుడు తెల్లవారుజామున ఐదింటికి, ఎండ పడకముందే, టైర్లు చల్లగా ఉండగానే ఆయనే ఫోన్ చేస్తాడు. నేను పుస్తకం ముందు పెట్టుకుంటాను. పక్కన నాన్న టీ గ్లాసుతో కూర్చుంటారు.

"రాసుకో అమ్మాయ్. ముందు ఎడమ 120. కుడి 119..."

ఒక్కొక్కటే చదువుతాడు. నిన్న చివరి అంకె దగ్గర ఆగాడు. కుడి వైపు, వెనక యాక్సిల్, లోపలిది. 101.

"మొన్న 114 కదమ్మా, చూడు" అన్నాడు. చూశాను, 114 అనే ఉంది.

ఫోన్ నా చేతిలోంచి నాన్న తీసుకున్నారు. "విప్పించి చూడరా. లోడు గంట ఆలస్యమైతే అయింది."